ఏలినవాడి పాపం ఎవరి లెక్కలో

మా ఇంట్లో ఒక వాదన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న పోయేదాకా తెగలేదు. బర్మా నుంచి మమ్మల్ని ఎందుకు పంపేశారు అన్నదే ఆ వాదన. అమ్మది ఒకటే మాట. "ఆళ్ల నేల మీద ఆళ్ల నోటికాడ కూడు తిన్నాం. ఆ ఉసురు ఊరికే పోద్దా?" ఈ మాట వింటే నాన్నకి ఒళ్లు మండేది. "ఎవుడి కూడు తిన్నానే నాను? బస్తా మోసినాను, మోసినందుకు కూలి తిన్నాను. దొర చేసిన పాపం నాకెందుకు తగల్తాది?" ఇద్దరూ బడికి వెళ్లినవాళ్లు కారు. నేను విశాఖలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంతకంటే గట్టి ధర్మసందేహం నాకు ఏ పుస్తకంలోనూ ఎదురుకాలేదు.

మన పెద్దలు "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా" అన్నారు. ఆ పెద్దలే "పెద్దల పాపం పిల్లల్ని కట్టి కుడుపుతుంది" అనీ అన్నారు. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే నోట వినిపిస్తాయి. శాస్త్రం ప్రకారం కర్మ ఎవరిది వారిదే. ప్రభుత్వాలు మాత్రం మనుషుల్ని విడివిడిగా లెక్కపెట్టవు. జాతిగా, భాషగా, ఏ ఏటికి ముందు వచ్చారు, ఏ ఏటికి తర్వాత వచ్చారు అన్న వరసల్లో లెక్కపెడతాయి. రాజ్యం చేతులు మారినప్పుడు పాత పద్దులన్నీ మళ్లీ తెరుచుకుంటాయి. నిన్న టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి ఇవాళ పరాయివాడవుతాడు, రేపు దొంగవుతాడు. అతను మాత్రం కదలకుండా అక్కడే బస్తాలు మోస్తూ ఉంటాడు. ఏలినవాడు చేసిన పాపంలో ఆ మనిషికి వాటా ఉందా? ఉంటే ఎంత?

మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరివాడు. ఆయన రోజుల్లో రంగూన్‌ని రంగం అనేవాళ్లు. "రంగం పోయినాడు" అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లు వెళ్లేవి. బ్రిటిష్‌వాళ్లు 1826లో మొదలుపెట్టి, 1852లో దిగువ బర్మాని, 1885లో మాండలే కోటని పట్టుకున్నారు. 1886 నుంచి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అంటే బారువ నుంచి రంగూన్‌కి వెళ్లడం చట్టం దృష్టిలో బారువ నుంచి మద్రాసుకి వెళ్లడం లాంటిదే. పాస్‌పోర్టు లేదు, పర్మిట్ లేదు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఇంట్లో కొంత డబ్బు అడ్వాన్సుగా పెట్టి, టిక్కెట్టు కొని తీసుకెళ్లేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలిలో కొంత మేస్త్రీదే. డెక్కు మీద ఎండకీ వానకీ పడుకుని వెళ్లినవాళ్లలో చాలామంది కోతల కాలం మిల్లుల్లో పనిచేసి తిరిగొచ్చేవాళ్లు. కొందరు అక్కడే ఉండిపోయారు.

వెళ్లినవాళ్లెవరో కూడా చెప్పుకోవాలి. భూమి లేనివాళ్లు, జమీందారీ పన్నులకి చితికినవాళ్లు, ఊరి బావిలో చేద వేయనివ్వని కులాలవాళ్లు. రంగూన్ వీధులు ఊడ్చి, మరుగుదొడ్లు ఎత్తిన చేతుల్లో తెలుగు చేతులే ఎక్కువ. వాళ్లు ఒక దేశాన్ని జయించడానికి వెళ్లలేదు. ఊళ్లో చెప్పుల్లేకుండా నడవాల్సిన వీధి నుంచి తప్పించుకుని వెళ్లారు. మా తాత రంగూన్ గురించి చెప్పిన మొదటి సంగతి షోయేడగాన్ బౌద్ధాలయం బంగారు గోపురం కాదట. టీ కొట్టులో అందరి పక్కనా కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చే కప్పులోనే తనకీ టీ పోశారని చెప్పేవాడట.

ఇది నాన్న పక్షం. అమ్మ పక్షానికీ బలముంది. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలు. రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్లే. సొంత రాజధానిలో బర్మావాళ్లు మైనారిటీ అయ్యారు. 1930లో ధాన్యం ధర కుప్పకూలాక తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల దగ్గర అప్పు చేసిన రైతుల పొలాలు వాళ్ల చేతుల్లోకి పోయాయి. 1937 నాటికి దిగువ బర్మాలో వరి పండే ప్రధాన జిల్లాల్లో నాలుగో వంతు భూమి చెట్టియార్లదే. తాతల నాడు అడవి కొట్టి చదును చేసుకున్న పొలంలో మనవడు కౌలుకి దున్నాల్సి వస్తే అతని కడుపు మండదా? ఆ మంట ఎదురుగా కనబడ్డ భారతీయుడి మీదకి మళ్లింది. చెట్టియారూ భారతీయుడే, మా తాతా భారతీయుడే.

1930 మే నెల సంగతి మా ఇంట్లో పురాణంలా చెప్పుకునేవాళ్లం. 5వ తేదీన పెగూ భూకంపం రంగూన్‌ని కూడా కుదిపింది. అదే నెలలో రేవులో తెలుగు కూలీలు రోజు కూలి పెంచమని పని ఆపేశారు. ఓడల్లో సరుకు ఎక్కించి దింపించే కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి. వాళ్లకి అప్పటిదాకా ఆ రేవులో పని దొరకడం కష్టంగా ఉండేది. ఇన్నాళ్లకి దొరికింది. ఇంతలో కంపెనీలు తెలుగువాళ్లతో రాజీపడి కూలి కాస్త పెంచి మళ్లీ పనిలోకి పిలిచాయి. రేపటి నుంచి మీరు రావద్దని బర్మావాళ్లకి సరిగ్గా చెప్పినవాడు కూడా లేడు. 26వ తేదీ పొద్దున్న పనికొచ్చిన బర్మా కూలీలు తమ చోట్లో తెలుగువాళ్లని చూశారు. తెలుగువాళ్లు వాళ్లని చూసి నవ్వారనీ అంటారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే. తాత రెండు రోజులు బియ్యం మిల్లులో ఊక గుట్ట వెనక దాక్కున్నాడు. బాయిలరుకి ఊకే ఇంధనం కాబట్టి అక్కడ ఎప్పుడూ మనిషి ఎత్తుకి మించి గుట్ట ఉండేదట. నోట్లోకీ ముక్కులోకీ ఊక పోయి, దగ్గు వస్తే పంచె నోట్లో కుక్కుకున్నాడట. మిల్లులో తనతో పనిచేసే బర్మా మనిషి ఒకడు రాత్రిపూట నీళ్లు తెచ్చిచ్చాడని తాత చెప్పేవాడు. ఆ మనిషి తమ్ముడికి రేవులో పని పోయింది.

నేను ఈ కథని పిల్లలకి పాఠంలో చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఒక పిల్లో పిల్లాడో "మరి తప్పెవరిది టీచర్?" అని అడిగేవారు. కూలి ఎంతో తేల్చింది తెలుగువాడు కాదు, బర్మావాడు కాదు. ఎవరిని ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు మానిపించాలో తేల్చిందీ వాళ్లు కాదు. కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాడి ఒంటి మీద దెబ్బ పడలేదు. అయినా ఆ నీళ్లు తెచ్చిన మనిషి తమ్ముడి పని ఎవరికి దక్కింది? మా తాత లాంటివాడికే. అది అబద్ధం కాదు కదా.

తర్వాత జరిగిందంతా తలుపులు ఒకటొకటిగా మూసుకోవడమే. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. విడిపోయేటప్పుడు బర్మా ప్రభుత్వం ఇండియా ప్రభుత్వానికి ఎంత బాకీయో లెక్కగట్టి, ఏటా వాయిదాల్లో తీర్చాలన్నారు. 1941లో వలసల మీద ఒప్పందం రాసుకున్నారు. అది అమలయ్యేలోపే జపాన్ బాంబులు పడ్డాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబు, 1942 మార్చి 8న ఆ నగరం పతనం. నాలుగు లక్షలకి పైగా భారతీయులు నడిచి బయల్దేరారు. మావాళ్లు ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి వెళ్లారు. దారి పొడుగునా కలరా. నాన్న అన్న అక్కడే పోయాడు. పాతిపెట్టడానికి పార కూడా లేదట. యుద్ధం అయ్యాక తాత, నాన్న మళ్లీ ఓడెక్కారు. ఇంత చూశాక మళ్లీ ఎందుకెళ్లారని నేనడిగితే నాన్న "ఊళ్లో ఏటుంది?" అన్నాడు. 1947లో పర్మిట్ చట్టం వచ్చింది, 1948 జనవరి 4న స్వాతంత్ర్యం, తర్వాత పౌరసత్వ దరఖాస్తులు. చదువురానివాళ్లు ఆ కాగితాలు పెట్టుకోలేదు. పెట్టుకున్నవాళ్లలో చాలామందికి జవాబు రాలేదు. పెళ్లయి వెళ్లిన అమ్మకీ, అక్కడే పుట్టిన నాకూ విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డులే.

1962 మార్చి 2న సేనాధిపతి నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో కొట్లన్నీ ప్రభుత్వపరం అన్నారు. అప్పటికి నాన్న బస్తాల పని మాని చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ముగ్గురు మనుషులు వచ్చి కొట్టుకి నంబరు బోర్డు కొట్టి, సరుకు లెక్క రాసుకున్నారు. చింతపండు ముద్దలు కూడా తూచారు. నాన్న పక్కన నిలబడి, ఎండుమిరపకాయల బస్తా తడి పీల్చింది, బరువు ఎక్కువ చూపిస్తుంది, తగ్గించి రాసుకోండని చెప్పాడు. తనది కాకుండా పోతున్న సరుకు తూకంలో కూడా తప్పు రాకూడదని ఆయనకి పట్టింపు. మే 17న యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. బియ్యం డబ్బాలో నాన్నమ్మ దాచినవన్నీ అవే. మరుసటి ఏడు ఓడెక్కాం. రేవులో ఒక అధికారి అమ్మ ముక్కుపుడక తీయించి, తూచి, రసీదు రాసిచ్చాడు. ఆయన మొహం చూస్తే ఆ పని ఆయనకీ ఇష్టంగా ఉన్నట్టు లేదు. ఓడ కదిలాక అమ్మ షోయేడగాన్ వైపు తిరిగి దండం పెట్టి, "ఈ నేల అన్నం నీళ్ల రుణం తీరింది" అంది. నాన్న వెంటనే "మన రుణం తీరిందేమో గానీ, ఆళ్లు మనకి పడ్డ రుణం మాటేటి?" అన్నాడు.

అరవైల్లో అలా వచ్చేసిన భారతీయులు ఇంచుమించు మూడు లక్షలు. మద్రాసులో దిగినవాళ్లున్నారు, విశాఖలో దిగినవాళ్లున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా పుట్టిందే. మేము వచ్చినప్పుడు ఇక్కడి కూలీలు మా క్యాంపు వైపు ఎలా చూశారో నాకు గుర్తుంది. వీళ్లందరూ పనికి దిగితే మన రేటు పడిపోతుందని కుళాయి దగ్గర ఆడవాళ్లు అనుకోవడం విన్నాను. అదీ అబద్ధం కాదు. పనికోసం వచ్చినవాళ్లు తక్కువకైనా ఒప్పుకున్నారు.

ఏలినవాడి పాపంలో మా వాటా ఎంత అన్న ప్రశ్నతో నేను చివరికి బుద్ధుడి దగ్గరికి వెళ్లాను. మా ఇంట్లో సింహాద్రి అప్పన్న పక్కనే షోయేడగాన్ పటం ఉంటుంది కాబట్టి అది దూరమేమీ కాదు. విపశ్యన ధ్యానాన్ని మన దేశానికి తిరిగి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ. 1955లో ఊ బా ఖిన్ దగ్గర శిష్యరికం మొదలుపెట్టారు. ఆ గురువు బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసినాయన. నె విన్ వచ్చాక గోయెంకా కుటుంబ వ్యాపారాలూ ప్రభుత్వపరమయ్యాయి. 1969లో ఇక్కడ తల్లికి ఒంట్లో బాగాలేదని వచ్చి, ఆమె కోసం మొదటి శిబిరం పెట్టారు. 1976లో హైదరాబాద్ శివార్లలో ధమ్మఖేత్త కేంద్రం మొదలైంది. నేను అక్కడ పదిరోజుల శిబిరంలో కూర్చున్నాను. బర్మా మమ్మల్ని పంపేయకపోతే ఈ ధ్యానం మనకి దక్కేదా అని అక్కడ ఒకరన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మంచి ఫలితం వచ్చినంత మాత్రాన వెళ్లగొట్టడం మంచిదైపోదు. టాంగప్ కనుమలో పోయిన మా పెద్దనాన్నకి ఆ ఫలితంలో ఏం వాటా?

ఆ శిబిరంలో నాకు దొరికింది మరొకటి. చేతన, అంటే మనసులోని ఉద్దేశమే కర్మ అన్నాడు బుద్ధుడు. చేతితో చేసిన పనికి బరువు మనసులో ఉన్నదాన్ని బట్టే. ఆ లెక్కన నాన్న గెలిచినట్టే. బర్మావాడి నోటికాడ కూడు లాక్కోవాలని మా తాత ఓడెక్కలేదు. చెడు తలపు లేదు కాబట్టి పాపం లేదు. ఎవరూ పుట్టుకతో నీచుడు కాడు, చేతలతోనే అవుతాడన్నదీ బుద్ధుడి మాటే. అలాంటప్పుడు పుట్టుకని బట్టి మనిషిని తప్పించడం బౌద్ధం చదివినవాళ్లు ఎలా చేశారు? 1982 అక్టోబరులో బర్మా పౌరసత్వ చట్టం చేసింది. మొదటి ఆంగ్ల యుద్ధానికి ముందటి ఏడు, 1823కి ముందు నుంచీ అక్కడ స్థిరపడ్డ జాతులవాళ్లే అసలు పౌరులన్నారు. అంటే తాత తాత ఏ ఏట ఏ పడవ దిగాడన్నది మనవడి మీద రుజువు. కర్మ సిద్ధాంతాన్ని ఇంతకంటే తలకిందులు చేయడం నాకు తెలిసినంతలో ఇంకెక్కడా జరగలేదు. 2007లో మైత్రి సూత్రం చదువుకుంటూ సైన్యం ముందు నడిచిన భిక్షువులున్నారు. తర్వాత కొన్నేళ్లకే పొరుగు ముస్లిం కొట్టులో ఏమీ కొనవద్దని ఊరూరా చెప్పిన భిక్షువులూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే రంగు కాషాయం.

కానీ ఉద్దేశం ఒక్కటే చూసి లెక్క ముగించడానికి నా మనసు ఒప్పలేదు. తాతకి చెడు తలపు లేదు, సరే. ఆ నీళ్లు తెచ్చిన మనిషి తమ్ముడి ఇంట్లో పొయ్యి వెలగలేదు, అది కూడా సరే. ఈ రెంటి మధ్యా పాపం అని అనలేనిది, ఏమీ లేదని కూడా అనలేనిది ఒకటి ఉంది. అమ్మ ఓడ మీద అన్నది దాని గురించే. రుణం. పాపానికి శిక్ష, రుణానికి తీర్చడం. శిక్ష వేసేవాడు ఒకడు, పడేవాడు ఒకడు. అప్పు అలా కాదు, రెండువైపులా ఉండొచ్చు. మేము ఆ నేల అన్నం తిన్నాం, మా తాతకి మనిషిగా కూర్చుని టీ తాగే చోటు ఆ ఊరే ఇచ్చింది, ఇది మా బాకీ. ఆ రేవునీ, రైలు కట్టల్నీ, మిల్లుల్నీ మా మూడు తరాల వెన్ను మోసింది, అది వాళ్ల బాకీ. ఇద్దరి నెత్తినా కూర్చుని లాభం పట్టుకుపోయినవాడు ఇద్దరికీ బాకీ. ఎవరు ఎవరికి ఎంత అని కూర్చుని మాట్లాడుకోవాల్సింది. బదులుగా ముక్కుపుడక తూచి రసీదు ఇచ్చారు.

అమ్మ "తీరింది" అనడం కూడా నేను ఒప్పుకోను. ఓడెక్కినంత మాత్రాన రుణం తీరదు. జెండా మారినంత మాత్రానా తీరదు. 1937లో రెండు ప్రభుత్వాల మధ్య బాకీకి పద్దు రాశారని ముందే చెప్పాను. స్వతంత్రం వచ్చాక కూడా ఆ పద్దు ఉంది. 1954లో బియ్యం కొనుగోలు ఒప్పందంతో పాటు దాన్ని తేల్చుకున్నారు. ప్రభుత్వం ప్రభుత్వానికి పడ్డ అప్పు పాలకులు మారినా నిలబడింది. మనిషికీ నేలకీ మధ్య ఉన్న బాకీ మాత్రం ఒక్క ఆర్డరుతో రద్దయిపోయింది. చట్టం ఇలా చేయగలదని నాకు తెలుసు. ధర్మం దీన్ని ఒప్పుకుందని మాత్రం ఎవరూ అనకూడదు. రాజ్యానికి తన సరిహద్దులో ఎవరుండాలో తేల్చే అధికారం ఉంది, నేను కాదనను. అయితే తన పాత ఏలిక తెరిచిన తలుపులోంచి వచ్చి, తరాలుగా పనిచేసినవాడికి అది జవాబుదారీ. పంపక తప్పదంటే పిల్లజెల్లతో, సొత్తుతో, మర్యాదగా పంపాలి. మళ్లీ వచ్చి చూసిపోయే దారి ఉంచాలి. నె విన్ రోజుల్లో మొదట విదేశీయుడికి 24 గంటల వీసా, 1970 నుంచి వారం రోజులు. నాన్నమ్మని రంగూన్ శ్మశానంలో వదిలి వచ్చిన నాన్నకి ఏటి కర్మ అక్కడ చేసుకునే యోగం పట్టలేదు.

ఇదంతా పక్క దేశం తప్పులు ఎంచడానికి రాయలేదు. ఇప్పుడు అదే సరిహద్దుకి ఇటు పక్క నిలబడి ఉన్నది మనం. 1,643 కిలోమీటర్ల ఆ సరిహద్దు కొన్ని చోట్ల ఊళ్ల మధ్య నుంచే పోతుంది. 1950లో కొండజాతుల వాళ్లు 40 కిలోమీటర్ల మేర అటూ ఇటూ తిరగొచ్చన్నారు. 2004లో దాన్ని 16కి తగ్గించారు. 2024 ఫిబ్రవరిలో ఆ వెసులుబాటే ఎత్తేసి కంచె వేస్తామని కేంద్రం ప్రకటించింది. ఏడాది చివరికి మాత్రం పది కిలోమీటర్ల దాకా తిరగొచ్చు, చేతిలో పాసు ఉండాలి అన్నారు. అంతకు ముందే, 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. తియావ్ నది దాటి చిన్ జాతివాళ్లు మిజోరం వచ్చారు, ముప్పై వేలకి పైగా. రానివ్వొద్దని ఢిల్లీ నుంచి ఆదేశం వచ్చినా మిజోలు వాళ్లని ఇళ్లలో, చర్చి ఆవరణల్లో పెట్టుకున్నారు. వాళ్లు మా రక్తం అన్నారు, అన్నం పెట్టడం మా మతం అన్నారు. కంచె వద్దని 2024లో మిజోరం శాసనసభే తీర్మానం చేసింది. రుణం ఎలా తీర్చుకుంటారో చూడాలంటే నేను అలా వచ్చినవాళ్ల పిల్లల్ని బడిలో కూర్చోబెట్టిన మిజో టీచర్లని చూపిస్తాను. మణిపూర్‌లో అదే సరిహద్దు మీద ఉన్న మోరే ఊళ్లో తమిళుల గుడి ఉంది. అరవైల్లో మాలాగే మద్రాసులో దిగి, అక్కడ ఇమడలేక, నడిచి తిరిగి బర్మా వెళ్దామని బయల్దేరినవాళ్లని సరిహద్దు దాటనివ్వకపోతే ఆ ఊళ్లోనే గుడి కట్టుకుని ఉండిపోయారు.

రక్తం కలిసినచోట దయ సులువు. రక్తం కలవనిచోట ఏమిటి? 2017లో బర్మాలోని అరకాన్ నుంచి ఏడు లక్షలకి పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్ పారిపోయారు. అంతకు ముందే వచ్చిన కొన్ని వేలమంది హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉన్నారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు. వాళ్లని తప్పించిన 1982 చట్టం మమ్మల్ని పరాయివాళ్లని చేసిన ఆలోచనలోంచి పుట్టిందే, అదే 1823.

దీని మీద మా క్యాంపులో పోర్టులో కళాసీగా చేసి రిటైరైన తమ్ముడొకడికీ నాకూ మాట నడుస్తోంది. అతను ఓడలో చంటిపిల్లాడు. "ఏటి టీచరక్కా, ఆళ్లూ మనమూ ఒకటేనేటి? మనకి ఇండియా ఉంది, వచ్చినాం. ఆళ్లకిక్కడ ఏటుంది?" అన్నాడు. నువ్వన్నది నిజమే తమ్ముడూ, మనకి దిగడానికి ఒక రేవుంది, వాళ్లకి అదీ లేదు, మరి మనకంటే వాళ్ల కష్టం చిన్నదా పెద్దదా అన్నాను. కాసేపు ఆలోచించి అసలు మాట బయటపెట్టాడు. "సరే, పెద్దదే. మా మనవడు హైదరాబాదులో బిల్డింగు పనికి పోతన్నాడు. ఆళ్లు తక్కువకి దిగితే ఆడి కూలి మాటేటి?"

ఇది 1930లో రంగూన్ రేవులో బర్మా కూలీ అడిగిన ప్రశ్న. మేము దిగినప్పుడు కంచరపాలెం కుళాయి దగ్గర వినబడ్డ ప్రశ్న. దాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. అడిగే హక్కు అతనికుంది. కానీ అడగాల్సింది ఎవర్ని? "మీవాడి కూలి ఎంతో తేల్చేది బాలాపూర్ రేకుల షెడ్డులో పడుకున్నవాడా తమ్ముడూ?" అన్నాను.

"ఆడు కాదనుకో. కంట్రాక్టరు."

"అయితే కూలి గురించి కంట్రాక్టరు దగ్గరికి పోదాం, యూనియను దగ్గరికి పోదాం, లేబరు ఆఫీసుకి పోదాం. అర్జీ నేను రాస్తాను. అందులో ఆ రేకుల షెడ్డువాడి కూలి కూడా మీవాడి కూలితో సమానంగా ఉండాలని రాస్తాను. అప్పుడు తక్కువకి దిగేవాడే ఉండడు."

"అదెట్టా రాస్తావక్కా? ఆడి పేరు రాస్తే పోలీసులొస్తారు."

అక్కడికొచ్చి ఇద్దరం ఆగాం. పేరు రాయకుండా కూలి ఎలా అడగాలో నేనింకా ఆలోచిస్తున్నాను. వచ్చే ఆదివారం యూనియన్‌లో పనిచేసిన మనిషిని తీసుకొస్తానన్నాడు.